నీళ్ళు తాగి కొన్న నేల

పెనుకొండ దగ్గర,
ఫిబ్రవరి 10

ప్రియమైన ఖాజాకు,

కొత్త ఇంట్లో దిగి పన్నెండు రోజులైంది. నువ్వు ఫోన్ చేసే ఉంటావు. ఇక్కడ కరెంటు లేదు కాబట్టి చార్జింగ్ లేదు. చార్జింగ్ ఉన్నా, ధర్మవరంలో ఇన్నేళ్ళ మరమగ్గాల మోత నా చెవులను తినేసింది కాబట్టి నీ మాట వినపడదు. అందుకే ఈ కాగితం.

మా వెంచరు చూస్తే నీకు ముచ్చటేస్తుంది. గేటుకు రెండు వైపులా సిమెంటు ఏనుగులు. రోడ్డు పొడుగునా కరెంటు స్తంభాలున్నాయి, తీగలు లేవు. ప్రతి ప్లాటు ముందరా కుళాయి ఉంది, నీళ్ళు లేవు. మధ్యలో నీలం రంగు వేసిన ఎత్తయిన ట్యాంకు ఉంది. నలభై ప్లాట్లలో ఇల్లు కట్టిన తెలివైనవాణ్ణి నేనొక్కణ్ణే.

అలాగని కళ్ళు మూసుకుని కొనలేదు. మనం చెన్నేకొత్తపల్లి బడిలో చదివే రోజుల్లో మా నాయన చెప్పిన మాట నీకూ గుర్తుండాలి. "కాగితం సూసి కాదు, నీళ్లు తాగి నేల కొనల్ల" అనేవాడు. నేనూ అదే చేశాను. నిరుడు శ్రావణంలో ఒక ఆదివారం వెంచరు వాళ్ళు మమ్మల్నందరినీ బస్సులో తెచ్చి చూపించారు. ఆ ట్యాంకు కింది కుళాయి తిప్పి దోసిలి పట్టి తాగాను. ప్రమీల చేతా తాగించాను. ఉప్పు లేదు, చిలుము వాసన లేదు, తియ్యగా ఉన్నాయి. ఇంకేం చూడలేదు. ధర్మవరం ఇల్లు అమ్మేసి ఇక్కడ కట్టాను. కట్టుబడంతా మేస్త్రీకే అప్పగించాను కాబట్టి నీళ్ళ సంగతి అప్పుడు తెలియలేదు.

ప్రమీల నాలుగు రోజులు మెయిన్‌రోడ్డు దాటి, అంజనప్ప హోటల్ దగ్గర్నుంచి బిందెలు మోసింది. ఐదో రోజు చీరలు మూటగట్టుకుని ధర్మవరంలో వాళ్ళక్క పద్మావతి ఇంటికి బస్సెక్కింది. "కుళాయిలో నీళ్లు వచ్చినాక చెప్పు, వస్తా. అంతవరకు ఈడ ఉండేది నా చేత కాదు" అంది. నా చెవి దగ్గరికొచ్చి చెప్పింది కాబట్టి ఒక్క ముక్క కూడా పోలేదు.

నువ్వు ఇరవై ఏళ్ళుగా హిందూపురంలో నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నవాడివి. అప్పుడు వచ్చిన నీళ్ళు ఇప్పుడెందుకు రావో నువ్వే చెప్పాలి. జాబు అంజనప్ప హోటల్‌కు రాయి.

నీ జవాబు కోసం కాచుకుని ఉండే
ముత్యాలు


హిందూపురం,
ఫిబ్రవరి 19

ప్రియమైన ముత్యాలప్పకు ఖాజా సలాములు.

నీ జాబు మూడుసార్లు చదివాను. మా ఆవిడ జమ్రూద్ కూడా చదివి, "అన్నను, వదినను ఈడికే రమ్మని రాయి" అంది. మా మిద్దె మీద గది ఖాళీగా ఉంది. వచ్చేయ్. అద్దె మాట ఎత్తితే జమ్రూద్ ఊరుకోదు.

ట్యాంకు సంగతి అడిగావు. మన సీమలో నీళ్ళ మాట ఎవరు చెప్పగలరు? ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. రెండు పెద్ద డ్రమ్ములు సిద్ధం చేసుకో. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక నేనే ట్యాంకరు తెచ్చి నింపుతాను. నాకేమైనా ఇవ్వబోయావో, వచ్చిన దారినే వెళ్ళిపోతాను.

వదినను మాత్రం ఆ ఇంటికి ఇప్పుడే పిలవకు.

నీ మేలు కోరే
ఖాజా


పెనుకొండ దగ్గర,
ఏప్రిల్ 6

ప్రియమైన ఖాజాకు,

వారం వారం వచ్చే మనిషికి జాబు రాయడమేమిటని నవ్వకు. నువ్వు వస్తావు, డ్రమ్ములు నింపుతావు, నేల చూపులు చూస్తావు, వెళ్ళిపోతావు. టీ పెడతానంటే చెయ్యి అడ్డంగా ఊపుతావు. ఆ నీలం ట్యాంకు ఎక్కి లోపలేముందో ఒక్కసారి చూడమంటే మోకాలు చూపించావు. ఆ మోకాలితోనే రోజుకు నలభైసార్లు బండి ఎక్కి దిగుతావు కదయ్యా.

ఈ రెండు నెలల్లో నేను ఎక్కని మెట్టు లేదు. పంచాయతీలో, వెంచరును ఇంకా మాకు అప్పజెప్పలేదు, మేం నీళ్ళెలా ఇస్తామన్నారు. కరెంటు వాళ్ళు, ట్రాన్స్‌ఫార్మరుకు వెంచరు వాళ్ళు కడితే మర్నాడే తీగలు లాగుతామన్నారు. వెంచరు మేనేజరు సంతోష్ నా చెవిలో నోరు పెట్టి "పెద్దాయనా, వచ్చే నెల ఖాయం. కనెక్షన్ దారిలో ఉండాది" అన్నాడు. రెండు నెలలుగా దారిలోనే ఉంది. ఏ దారో చెబితే ఎదురెళ్తాను. ముగ్గురూ మర్యాదస్తులే. పోయినచోటల్లా కుర్చీ వేశారు. వేసిన కుర్చీలో కూర్చుని, లేచి వచ్చాను.

నువ్వు రమ్మన్నావు కానీ, నీ మిద్దె మీదికి ప్రమీల రాదు. "ఉన్న ఇల్లు అమ్ముకుని ఒకరి ఇంటికి పోతామా" అంటుంది. ఈ ఇల్లు అమ్ముదామంటే నీళ్ళు లేని ఇల్లు ఎవరు కొంటారు? ఒక్కణ్ణే వండుకుని ఒక్కణ్ణే తింటున్నాను. మొన్న అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ ముత్యాలు


పెనుకొండ దగ్గర,
ఏప్రిల్ 30

ఖాజాకు,

పోయిన జాబుకు నువ్వు బదులివ్వలేదు. అయినా రాస్తున్నాను.

శనివారం సాయంత్రం అలవాటు కొద్దీ కుళాయి తిప్పాను. నీళ్ళొచ్చాయి. కాసేపు చేతులు అడ్డం పెట్టి అలాగే చూస్తూ నిలబడ్డాను. తర్వాత హోటల్‌కు పరుగెత్తి అంజనప్ప చేత ప్రమీలకు ఫోన్ చేయించాను. ఆదివారం మొదటి బస్సుకే వచ్చేసింది. వస్తూనే ఇల్లంతా కడిగింది, దుప్పట్లన్నీ తడిపింది. నాకు పెళ్ళినాటి సంబరం.

పదింటికి షామియానా వేశారు, కార్లు వచ్చాయి. స్థలాలు చూడటానికి జనం. వాళ్ళలో నంబులపూలకుంట నుంచి వచ్చిన జయరాముడనే ఆయన, ఆయన భార్య నేరుగా మా ఇంటికొచ్చారు. నీళ్ళెలా ఉంటాయని సైగ చేసి అడిగాడు. "నేను ఈడనే కాపురముండా. తియ్యటి నీళ్లు. తాగి సూడు" అని నేనే చెంబుతో ఇచ్చాను. ఇంట్లో తిరుగుతున్న ప్రమీలను కూడా చూపించాను. నా మాట మీద అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశాడు.

సోమవారం మధ్యాహ్నానికి కుళాయి దగ్గి దగ్గి ఆగిపోయింది. ప్రమీల తిట్టలేదు. తడి దుప్పట్లు పిండి ఆరేసి, బస్సెక్కింది. ఈసారి నా చెవి దగ్గరికొచ్చి ఏమీ చెప్పలేదు.

మోటారు కాలిందా అని సంతోష్‌ను అడిగితే నవ్వాడు. శనివారం రావడానికి, సోమవారం పోవడానికి నీళ్ళకు వారాలు తెలుసా? జయరాముడు ఉన్న ఇల్లు అమ్మి ఇక్కడ కడతాడట, నాలాగే. నాకు భయంగా ఉంది. నీకు తెలిసింది దాచకుండా రాయి.

ముత్యాలు


హిందూపురం,
మే 3

ప్రియమైన ముత్యాలూ,

నీళ్ళకు వారాలు తెలియవు. ట్యాంకరు డ్రైవర్లకు తెలుసు.

ఆ నీలం ట్యాంకు నుంచి మీ కుళాయిలకు పైపులున్నాయి. ట్యాంకుకు నీళ్ళొచ్చే దారి మాత్రం లేదు. అక్కడ బోరే వేయలేదు. జనాన్ని తెచ్చి చూపించే ముందు రోజు నాలుగు ట్యాంకర్ల నీళ్ళు పోయిస్తారు. నిరుడు శ్రావణంలో పోసింది నేనే. బాడుగ వచ్చింది, వెళ్ళాను. ఆ రోజు నువ్వు తాగిన నీళ్ళూ, శుక్రవారం నీ డ్రమ్ముల్లో పోసే నీళ్ళూ ఒకే బోరువి. ఎక్కడ రుచి గుర్తుపడతావోనని ప్రతి వారం భయపడ్డాను. నీ టీ తాగకపోవడం అందుకే.

చెప్పడానికి రోజులు లేక కాదు. రిజిస్ట్రేషన్ ముందు రోజు మీ ధర్మవరం ఇంటికి వచ్చి, వదిన పెట్టిన మైసూర్‌పాక్ తిని వెళ్ళాను. నోట్లో స్వీటు పెట్టుకుని ఏం చెప్పను? ఆ తర్వాత ఇల్లు అమ్మేశావు. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను.

మొన్న శనివారం కూడా నన్నే పిలిచారు. గేరుబాక్సు పోయిందన్నాను. గంటలో ఇంకొకడు వచ్చి పోసి వెళ్ళాడు. నేను మానేస్తే ఆగిపోతుందనుకున్నాను, పిచ్చివాణ్ణి.

జయరాముడికి నువ్వు తెలియక చెప్పావు. ఆయన ఇల్లు అమ్మకముందే ఈ జాబు చూపించు. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీ పెట్టి, దానికి కూడా దీన్నే జతచెయ్యి. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. ఒక డ్రైవరు మాట ఎవరు వింటారో, విన్నా నీకు నీళ్ళు వస్తాయో లేదో నాకు తెలియదు. శుక్రవారం నేను ట్యాంకరుతో వస్తాను. గేటు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.

ఇంకొకటుంది. అది రాయకపోతే ఇదంతా రాసీ దండగ.

ఆ ఆదివారం పొద్దున చివరి ట్యాంకరు పోసి, మీ బస్సు వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను. షామియానా వెనక బండిలో కూర్చుని, నువ్వు దోసిలి పట్టడం చూశాను. వద్దని పిలవడానికి నోరు తెరిచాను. ఎంత అరిచినా నీకు వినపడదు కదా అని మూసుకున్నాను. తొమ్మిది నెలలుగా నాకు నేను ఆ మాటే చెప్పుకుంటున్నాను.

వదిన నీ పక్కనే నిలబడి ఉంది, ముత్యాలూ. ఆమె చెవులు బాగానే ఉన్నాయి.

షేక్ ఖాజాసాబ్,
ట్యాంకరు డ్రైవరు, హిందూపురం