తొడుగులేసుకున్న దొర

అక్కా,

కుష్ఠు తగ్గిందని నన్ను ఆసుపత్రి నుంచి వదిలేస్తున్నారు! శనివారం ఓడలో మన ఊరు హిలోకి వస్తున్నాను.

ఒకప్పుడు ఈ రోగానికిచ్చే నూనెమందు తాగలేక కక్కి చచ్చేవాళ్లం. దాన్ని సూదిమందుగా మార్చింది కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే ఓ నల్లజాతి అమ్మాయని నర్సు కపువా చెప్పింది. పాపం, చిన్నవయసులోనే పోయిందట. కాలేజీ పెద్దదొర మందుకు తన పేరు తగిలించుకుని, నిన్న మాతో ఫొటో దిగడానికి వచ్చాడు, చేతులకు తొడుగులేసుకుని!

"మీ మందే కదా దొరా, మీకే నమ్మకం లేదా?" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు.

"ఆ మందు చేసిన పిల్లయితే వీళ్లను ఒట్టి చేత్తోనే పట్టుకునేది," అంది కపువా.

దొర ఫొటో మానేసి కారెక్కాడు.

మరి నీ సంగతేమిటి? చామదుంప ముద్ద ఒకే గిన్నెలో తిందామా? భయమైతే రేవుకు రాకు. నేనే ఇంటికొచ్చి నీ గిన్నెలో వేళ్లు పెడతాను.

నీ చెల్లి