తాళం చెవి ఇవ్వను

అన్నయ్యా,

మనిద్దరం కలిసి కొన్న మోటర్‌హోమ్‌ను, ఆ చక్రాల ఇంటిని, మీ వాకిట్లోనే నిలిపాను. తాళం చెవి మాత్రం తెచ్చేసుకున్నాను. ఎల్లుండి నువ్వు పిల్లలందరినీ ఎక్కించుకుని కొండకు బయల్దేరతావని తెలిసే ఈ పని చేశాను.

నిన్న ఎగువ దారిలో ఇంజిన్ మరిగిపోయి బండి ఆగింది. అది చల్లారాక మెకానిక్ రేడియేటర్ మూత తీసి, "ఇందులో కుడితి పోసిందెవరమ్మా?" అన్నాడు. ఇంజిన్ చల్లబడ్డానికి నువ్వు పోసే పచ్చ కూలెంటూ నేను పోసే ఎర్రదీ కలిసి జిగురైపోయాయి. అది కడిగించాను. అసలు లీకు బండి వెనక భాగంలో మంచం కింద, హీటర్‌కు వెళ్లే గొట్టంలో ఉంది. పరుపు తడిసినప్పుడల్లా పిల్లలు నీళ్లు ఒలకబోశారని వాళ్లనే కదా తిట్టాం!

కూలెంట్ తగ్గితే ఎవరికి వాళ్లం గుట్టుగా నింపేశాం. అడిగితే నువ్వు నొచ్చుకుంటావని నేను, నేను దెప్పుతానని నువ్వు. వదిన అయితే, "మీ అన్నాచెల్లెళ్ల మర్యాదలతో బండి కొంప ముంచారు" అంది. నాకేమో, అతిగా భయపడుతున్నానా అని ఇప్పటికీ అనుమానమే. అయినా పిల్లలతో ఆ ఘాట్ రోడ్డు ఎక్కనివ్వలేను.

గొట్టం మార్చేదాకా చెవి నా దగ్గరే ఉంటుంది. ఎప్పటిలా బొటనవేలి బొమ్మ పంపి ఊరుకోకు. తిట్టడానికైనా సరే, ఫోన్ చెయ్యి.

నీ చెల్లెలు