గౌలిపుర వాలు మీద తడి రాయి

పెద్దక్కకు,

నీ చెల్లెలు వసుధ నమస్కరించి రాస్తున్నది. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాయేనని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఫోన్లో చెప్పబోతే కింద ఆటోల హారన్లే నీకు వినిపిస్తాయి. పైగా సగంలోనే "నీకు అన్నిటికీ అనుమానమేనే" అని నవ్వేస్తావు. అందుకే రాస్తున్నాను.

శాలిబండలో మేడ మీది గదికి అలవాటు పడుతున్నాను. ఇంటావిడ ఫాతిమా ఆపా తలుపు కొట్టి, "ఏం తిన్నవమ్మా? ఒక్కదానివే ఉంటే ఆకలి గూడ యాదికి రాదు" అంటూ ఖట్టీ దాల్ గిన్నె చేతిలో పెడుతుంది. తిండికి లోటు లేదు. ఆదివారం మధ్యాహ్నాలే గడవవు. కిటికీ తెరుస్తాను, మూస్తాను. మచిలీపట్నంలో పాఠాలు చెప్పుకునేదాన్ని, ఈ రోడ్ల పరీక్షల కంపెనీలో ఎందుకు చేరానా అనిపిస్తుంది. అయినా బాగానే ఉన్నానులే.

వానలు మొదలయ్యాయి. నా మనసు నిలవకపోవడానికి అదీ ఒక కారణం.

గౌలిపురలో పాలవాళ్లుండే ఒక సందులో కొత్తగా రాళ్లు పరిచారు. సందు బాగా ఏటవాలు. ఆ రాయి తడిస్తే కాలు నిలుస్తుందో లేదో కొలిచి చెప్పడం నా పని. కొలిచే యంత్రం గోడగడియారం లోలకంలా ఉంటుంది. ఊగే చేయి, దాని చివర రబ్బరు ముక్క. తడిపిన రాయిని ఆ రబ్బరు రాసుకుంటూ పోతుంది. రాయి గరుకుగా ఉండి పట్టి ఆపితే చేయి అవతలివైపు కొంచెమే లేస్తుంది. జారుడుగా ఉంటే పైదాకా పోతుంది.

మొదటిసారి ఫలితం బాగా వచ్చింది. సామాను సర్దుకుంటుంటే యాదమ్మ టీ తెచ్చింది. ఆ సందులో బర్రెలున్న పెద్దావిడ.

"ఎట్లుంది మేడమ్ మా గల్లీ? మీరొస్తున్నరని పొద్దుగాల్నే బర్లను అవుతల కట్టేసి, సోడా జల్లి రాళ్లన్ని రుద్దినం."

సర్దడం ఆపి అడిగాను. "రోజూ ఇలాగే కడుగుతారా?"

"రోజు గిట్లెట్ల కడుగుతమమ్మా! మనింటికి మనిషొస్తుంటే పేడల కూసోబెడ్తమా?"

మర్యాద చేశారక్కా, నాకు! మామూలు రోజుల్లో ఆ రాళ్ల మీద పేడ, ఒలికిన పాలు, బండ్ల నూనె, దుమ్ము. అవన్నీ రాయి గరుకులో దూరి పూడ్చేస్తాయి. పెద్ద వాన కొట్టుకుపోయేలా కడిగేస్తుంది. ప్రమాదమంతా తొలి తుంపరతోనే, అప్పుడే ఆ మురికి జిగురులా పైకి తేలుతుంది. యాదమ్మ కోడలు సరితకు నెలలు నిండుతున్నాయి. రోజూ పాల క్యాను పట్టుకుని దిగేది ఆ వాలు మీదే.

మా మేనేజరుకు చెప్పాను. "మేడమ్, రూలు ప్రకారం సాఫ్ చేసిన రాయి మీదనే చూస్తం. పాసైంది గదా, మళ్ల ఏం లొల్లి? మీరింక పర్మనెంట్ గూడ కాలే" అన్నాడు. ఆయన మాటా కొట్టిపారేయలేను. మురికి రోజుకో రకం, దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? నేనే అతిగా ఆలోచిస్తున్నానా? ఎటూ తేల్చుకోలేకపోయాను.

చివరికి, తుంపర పడిన ఒక పొద్దున చెప్పకుండా వెళ్లాను. నన్ను చూడగానే యాదమ్మ చీపురు అందుకుంది. "వద్దమ్మా, ఇవాళ కడగొద్దు" అని బతిమాలాను. "నలుగురు ఏమనుకుంటరు?" అని గొణుగుతూనే పక్కన నిలబడింది. యంత్రం చేయి వదిలాను. సర్రున పైకి లేచింది.

"అబ్బ! మొన్నటికన్న మస్తు పైకి పోయింది. ఫస్టు క్లాసు పాసే గదా?" అంది యాదమ్మ, చప్పట్లు కొట్టబోతూ.

"లేదమ్మా. ఎంత పైకి పోతే అంత జారుడు."

చేతులు అలాగే ఆగిపోయాయి. యాదమ్మ వాకిట్లో క్యానుతో నిలబడిన సరిత పాదాల వైపు చూసింది. "క్యాను ఆడ వెట్టు" అంది.

రాళ్లలో వాలుకు అడ్డంగా గాడులు కొట్టిస్తే పట్టు వస్తుందన్నాను. "వాటిల పేడ ఇరికితే ఎవరు గోకుతరు, మీరొస్తరా?" అని యాదమ్మ నిలదీసింది. ముందు బర్రెల కడుగునీళ్లు వాలు మీదికి రాకుండా కాలువ తిప్పాలి. అదీ నివేదికలో రాయాలనుకున్నాను. ఆ పూటకు మాత్రం పట్టుకుని దిగడానికి బర్రెల పలుపుతాళ్లు ముడివేసి, పైనుంచి కిందిదాకా కిటికీ చువ్వలకు కట్టాం. నేను వేసిన ముడి లాగగానే ఊడింది. "ఇగ సదువుకున్న ముడి!" అని సరిత కడుపు పట్టుకుని నవ్వింది.

రెండు ఫలితాలూ, కాలువ సంగతీ రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను. మేనేజరు కాగితం తీసుకుని సొరుగులో పడేశాడు. అప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. నువ్వు దిగులు పెట్టుకోకు.

ఒక్క చిన్న కోరిక. వరండాలోకి నున్నటి టైల్స్ అన్నావే, కొనేశావా? కొనకపోతే గరుకువి చూడు. బావగారి మోకాలు గుర్తుపెట్టుకో. అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉండనీ.

ఎప్పటికీ నీ అనుమానపు చెల్లెలు,
వసుధ

తా.క. ఉత్తరం మడుస్తుంటే మళ్లీ తుంపర మొదలైంది. ఉండబట్టక వెళ్లి చూసి వచ్చాను. క్యాను యాదమ్మ చేతిలో ఉంది, రెండో చెయ్యి తాడు మీద. సరిత పైన గడప దగ్గరే నిలబడి, "అత్తమ్మా, మెల్లగ! తాడు ఇడువకు!" అని అరుస్తోంది.