వడ్లు ఆరబోసిన రోడ్డు మీద

అన్నా,

నువ్వు చదవవని తెలిసీ నీకే రాస్తున్నాను. ఇంట్లో చెబితే రేపు నన్ను లారీ ఎక్కనివ్వరు.

నువ్వు పోయాక కంపెనీవాళ్లు మన లారీలో కెమెరా పెట్టారు. బ్రేకు గట్టిగా తొక్కితే అది కుయ్యిమంటుంది, డ్రైవరు స్కోరు తగ్గుతుంది. స్కోరు తగ్గినోడికి లోడు ఇవ్వరు.

ఈ పొద్దున సిరవార దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. లారీ నేర్పేటప్పుడు నువ్వేమనేవాడివి? "వడ్లు కనవడితే కాలు బ్రేకు మీదికి పోవాలె. ఆడ వంగిన మనిషి ఉంటది."

ఉంది, అన్నా. వడ్లు తిరగేస్తున్న ఒక ముసలామె చూసుకోకుండా వెనక్కి అడుగేసింది. నా కాలు బ్రేకు మీదే ఉంది, కానీ తొక్కలేదు. స్కోరు గుర్తొచ్చింది. రెప్పపాటే. తర్వాత ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. లారీ ఆమె కొంగును తాకి ఆగింది.

"కండ్లు కనవడ్తలేవారా నీకు?" అని అరిచింది. ఆమె కనబడిందని ఎలా చెప్పను?

కాస్త ముందుకెళ్లాక ఆర్టీవో ఆపాడు. చక్రాలు, బ్రేకులు అన్నీ చూసి, "బ్రేక్ చెన్నాగిదె, హోగు" అన్నాడు కన్నడంలో. బ్రేకు బాగుందట.

సాయంత్రం మనకు లోడ్లు ఇప్పించే సేటు ఫోన్ చేశాడు. "ఈసారికి స్కోరు చూడొద్దని కంపెనీవాళ్లకు చెప్పిన. రేపు గట్టిగ బ్రేకు కొట్టకు."

వడ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, అన్నా. రేపూ ఆమె అక్కడే ఉంటుంది. నాదీ అదే దారి.

నీ తమ్ముడు