ఎర్రబడ్డ పుట్టగొడుగుల కూర

శుక్రవారం, అబ్బాసియా

ఈ అరబ్బు దేశంలో మేం ముగ్గురం ఉండే రూములో ఈరోజు వంట వంతు నాది. ఫ్రిజ్‌లో పుట్టగొడుగులు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. జిగురు లేదు, కంపు లేదు, అంటే బాగున్నట్టే. అయినా తెల్లగా కనబడాలని సోడా ఉప్పు నీళ్లలో నానబెట్టాను. బాణలిలో వేసి పసుపు చల్లగానే కూరంతా నెత్తురు రంగుకు మారింది.

అప్పటికే మస్తాన్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. బాణలి వైపు చూసి మంచం మీద కూలబడి, రమణ చెయ్యి పట్టుకున్నాడు.

"రమణన్నా, పొయ్యేముందు నిజం చెప్తాండా. మీ అమ్మ పంపిన నువ్వుల ఉండలు ఎలకలు తిన్లేదు. నేనే తింటి."

"పోనీలేబ్బీ, నువ్వు బతికితే సాలు" అన్నాడు రమణ, కళ్లు తుడుచుకుంటూ.

కూర పారబోసి ఊరగాయతో తిన్నాం.

సాయంత్రం గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. దిష్టి తీయడానికి మా అమ్మ పసుపునీళ్లలో సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడేవి. సోడా ఉప్పూ అదే పని చేసింది. విషం లేదు, ఏమీ లేదు.

మస్తాన్ ఇంకా మంచం దిగలేదు. రమణ పక్కనే కూర్చుని మజ్జిగ తాగిస్తున్నాడు. నిజం చెబితే మస్తాన్‌కు ప్రాణం లేచొస్తుంది, రమణకు నువ్వుల ఉండలు గుర్తొస్తాయి. వాటిలో సగం తిన్నది నేను. చస్తాననుకుని కూడా మస్తాన్ నా పేరు చెప్పలేదు.