ఆఖరి మలుపు ఎత్తు

సైకిలు దారులు చూసే అధికారిగారికి,

మా కొండ రోడ్డు మరీ నిటారుగా ఉందని, వంపులు తిప్పి ఎత్తు తగ్గిస్తారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి.

ఆఖరి మలుపులో ఉన్న ఇల్లు మాదే. సైకిలు తొక్కేవాళ్ళు అక్కడికొచ్చేసరికి రొప్పుతూ మా అరుగు మీద కూలబడతారు. మా అత్తగారు చెంబుతో నీళ్ళిచ్చి మొదలుపెడతారు. "ఏం నాయనా, ఇంట్లో చెప్పే వచ్చావా? ఈ బిగుతు నిక్కరేంటి? ఇంత కష్టపడి ఎక్కింది మళ్ళీ దిగడానికేనా?"

పాపం, వాళ్ళకి జవాబు చెప్పే ఊపిరెక్కడిది? తలలూపుతారు. "ఎంత బుద్ధిమంతులో! ఒక్కడూ ఎదురు చెప్పడు" అని ఆవిడ మురిసిపోతారు. ఈ సైకిళ్ళు మొదలయ్యాక నా వంటకి వంక పెట్టడమే మానేశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నేను ప్రశాంతంగా నాలుగు ముద్దలు తింటున్నాను.

మొన్న మీ సర్వేయరు మాత్రం జీపులో వచ్చాడు. ఊపిరి బోలెడుంది కాబట్టి ఆవిడకి మాటకి మాట అప్పజెప్పి వెళ్ళాడు. ఆ పూటే నా కూరలో ఉప్పెక్కువైంది.

ఎత్తు తగ్గిస్తే వచ్చే ప్రతివాడికీ ఊపిరి మిగులుతుంది. నా గతేంటో కాస్త ఆలోచించండి.

వీలుంటే ఇంకొంచెం పెంచండి.

ఇట్లు,
ఆఖరి మలుపు ఇంటి కోడలు