నేను కాళ్ళు పట్టుకునే మాట నిజమే

విరుదునగర్,
బుధవారం మధ్యాహ్నం

నాయనకు గోమతి నమస్కారం పెట్టి రాసేది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది, అమ్మకు దగ్గు తగ్గిందా, తమ్ముడు వేళకు తింటున్నాడా అని అందరి క్షేమమూ అడుగుతున్నాను. నేను బాగున్నాను. బాగున్నాను గానీ నీ మీద కోపంగా ఉన్నాను. అది కూడా ముందే చెప్పేస్తే మంచిది.

రాజమ్మత్త వచ్చి "నీ కూతురు ఎవరెవరి కాళ్ళో పట్టుకొని బతుకుతా ఉండాది" అంటే నువ్వు నమ్మేశావు. నన్ను ఒక్క మాట అడగలేదు. నాయనా, మన మాటలో కాళ్ళు పట్టుకోవడం అంటే రెండు అర్థాలు. ఒకటి బతిమాలడం. ఇంకొకటి నిజంగా చేత్తో పట్టుకోవడం. అత్త చూసింది రెండోది, నీకు చెప్పింది మొదటిది. తేడా అడిగే ఓపిక నీకు లేకపోయింది.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నేను గట్టిగా ఒక మాట అనగానే నువ్వు అమ్మ చేతికిచ్చి పొలానికి వెళ్ళిపోతావు. వాట్సాప్‌లో తమిళంలో పెడితే తమ్ముడు చదువుతాడు, వాడి వెనకాలే అత్త చదువుతుంది. మన ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది నీకూ నాకూ మాత్రమే. నువ్వే నేర్పావు. కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదువు. మధ్యలో లేచిపోవద్దు.

ఇక్కడ శివరాత్రి వచ్చే మాసి నెల అయిపోకముందే ఎండ మొదలైంది. నేనున్న గది పైమేడ మీద, రేకుల కప్పు. పగలు లోపల ఉండలేక కింద ఇంటివాళ్ళ మెట్ల మీద కూర్చుంటాను. పొద్దున యోగా క్లాసు అదే మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో. వచ్చేవాళ్ళంతా పప్పు వ్యాపారం, నూనె వ్యాపారం చేసేవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు. ఒకావిడ రోజూ నా చెవిలో చెబుతుంది: "టీచర్, పరోటా మాత్రం మానమని చెప్పకండి, పొట్ట మాత్రం తగ్గించండి." ఇంకొకావిడ భర్త ఫోను చేసి, యూట్యూబులో ఊరికే వచ్చేదానికి డబ్బెందుకని వాదించాడు. "యూట్యూబు మీ ఆవిడ నడుము వంగలేదని చూసి చెబుతుందా సార్?" అన్నాను. మరుసటి రోజు ఆవిడ నవ్వుకుంటూ వచ్చి చాప పరిచింది.

ఈ పని ఇలాగే ఉంటుంది నాయనా. ఒక నెల నిలబడడానికి చోటుండదు, ఇంకో నెల పెళ్ళిళ్ళనీ నోములనీ సగం మంది మాయం. నా మీద మేనేజరు లేడు. లీవు అడగాల్సిన పని లేదు, జీతం రాకపోతే అడగడానికి మనిషీ లేడు. అయినా అద్దె నా చేత్తో నేనే కడుతున్నాను. తినడం ఒక్కటే బాధ. ఒక్కదానికి కుక్కరు పెట్టాలంటే విసుగు. రోజంతా తమిళంలో మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి నా నోరు నాదిగా ఉండదు. అమ్మతో చెప్పు, ఒక సంచి సజ్జలు, కొంచెం ఎండు మిరపకాయలు పంపమని. ఇక్కడ దొరికే మిరపకాయకు రంగే ఉంది, కారం లేదు.

ఇక అత్త చూసిన సంగతి.

వారంలో మూడు సాయంత్రాలు నేను తిరుత్తంగల్ వెళ్తాను. అక్కడ ఒక కుట్టుమిషన్ల హాలు ఉంది, అయిదింటికి మిషన్లు పక్కకు జరిపి మాకిస్తారు. ప్రెస్సుల్లో కాగితాలు మడిచేవాళ్ళు, టపాకాయల కంపెనీల్లో చుట్టేవాళ్ళు పని దిగి నేరుగా వస్తారు. రోజంతా నేల మీద గొంతుక్కూర్చుని చేసే పని. మోకాళ్ళు, నడుము, మెడ అన్నీ బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్ళు చాపలు కొనలేరు, గోనెపట్టాల మీద పడుకుంటారు. ఇవ్వగలిగినంత ఇస్తారు, ఆలస్యంగానైనా ఇస్తారు. పొద్దున వచ్చేవాళ్ళ కంటే వీళ్ళే నేను చెప్పింది శ్రద్ధగా చేస్తారు, ఎందుకంటే వీళ్ళకి అది అందం కోసం కాదు, మర్నాడు మళ్ళీ కూర్చోగలగడం కోసం.

మొదటి వారంలో ఒకరోజు అలసటలో నోరు జారి, తమిళంలో చెబుతున్నదాన్ని ఉన్నట్టుండి "ఊపిరి వదలండి" అనేశాను. ఎవరికీ అర్థం కాదనుకున్నాను. వెనక వరసలోంచి ఒక గొంతు, "వదిల్తిమమ్మా!" హాలంతా నవ్వు. లేచి చూస్తే ముత్తుమారి. గుర్తుందా? మన చేలో మిరపకాయలు కోసే పేచ్చియమ్మ కూతురు. పెళ్ళై ఇక్కడికి వచ్చి ప్రెస్సులో చేరింది. "ఇంట్లో మాట ఇక్కడ ఇనబడినాది టీచర్, అందుకే నోరు ఊరుకోలే" అంది. ఆ రోజు నుంచి నాకు మన భాష మాట్లాడడానికి ఒక మనిషి దొరికింది. ఆకలి తీరినట్టు ఉండేది.

రాజమ్మత్త తన కొడుకు పెళ్ళికార్డులు అచ్చువేయించడానికి తిరుత్తంగల్ వచ్చింది. నన్ను చూసిపోదామని హాలు వెతుక్కుంటూ వచ్చింది, అంతవరకు ప్రేమే. అప్పుడు నేను ముత్తుమారి కాలు పట్టుకుని ఉన్నాను. వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా ఎత్తే ఆసనం. మోకాలు వణికేవాళ్ళకి మడమ కింద అరచెయ్యి పెట్టి బరువు మనం తీసుకోవాలి. ఆ పట్టే లేకపోతే నడుము పట్టేస్తుంది.

అత్త గడప దాటలేదు. "ఏమే గోమతీ, ఇదా నీ వేల, నువ్వు చేసే పని?" అంది.

"ఇదే అత్తా. కూర్చో, కొంచెంసేపట్లో అయిపోతుంది."

"యాడ కూర్చునేది? ఎవరి కాలే అది? పేచ్చి కూతురు కదా?"

నాయనా, అప్పుడు జరిగింది నాకు అత్త మాటకంటే ఎక్కువ తగిలింది. అప్పటిదాకా నన్ను "టీచర్" అంటున్న ముత్తుమారి అత్త ముఖం చూడగానే కాలు గుంజుకోబోయింది. "ఇడిచేయండి అమ్మణ్ణీ, బయమేస్తాది" అంది. మన చేలో గట్టు మీద నిలబడితే కూలివాళ్ళు నన్ను పిలిచే పిలుపు అది. ఒక్క క్షణంలో హాలు చేనైపోయింది, నేను గట్టు మీదికి ఎక్కేశాను.

నేను వదల్లేదు. "బయం ఎందుకు ముత్తుమారీ, ఇక్కడ అమ్మణ్ణి ఎవరూ లేరు. మోకాలు మడవొద్దు" అన్నాను. పది మంది చూస్తుండగా ఆ కాలు సరిగా కిందికి దించి, అప్పుడు లేచాను. ఈలోగా అత్త వెళ్ళిపోయింది. నా అహంకారమని నీకు చెప్పింది అదే.

తర్వాత ముత్తుమారి ఒక వారం రాలేదు. నేను ప్రెస్సు బయట నిలబడి అడిగాను. తల పక్కకు తిప్పుకుని అంది: "మా అమ్మని ఈ కోతకి పిలవలే అంట. మీ అత్తమ్మ చెప్పిందంట. నేను యోగాకి ఒస్తే మా అమ్మ కూలి పోతాది టీచర్. నాకు ఏది ముక్కెం, చెప్పండి." ఆమె సైకిలెక్కి వెళ్ళిపోయింది.

అత్త చెప్పిందా, నువ్వు ఒప్పుకున్నావా? అడుగుతున్నాను. కోత మన చేలో జరుగుతోంది, అత్త చేలో కాదు.

పోయిన దీపావళికి నీ మోకాలు ఎత్తలేకపోతే నేనే నీ మడమ కింద చెయ్యి పెట్టి ఇదే ఆసనం చేయించాను. నువ్వు వీధిలో అందరికీ చెప్పుకున్నావు, "నా కూతురు చేతిలో మందుంది" అని. అదే చెయ్యి, అదే పట్టు. మన ఇంట్లో సేవ అయింది, తిరుత్తంగల్‌లో పరువు తక్కువ అయిందా? మందు చేతిలో ఉంటే అది ఎవరి కాలో చూసి పనిచేయదు నాయనా.

నువ్వు ఫోనులో రెండే మాటలన్నావు. "ఆ సాయంకాలం క్లాసు నిలుపు." "కోవిల్పట్టి స్కూల్లో చేరు, కరస్పాండెంటుతో మాట్లాడి పెట్టినాను." నీ ప్రేమ నాకు తెలుసు. ఎవరైనా అడిగితే "స్కూల్లో టీచరు" అని చెప్పుకోవడానికి నీకు తేలిక. కానీ నన్ను ఆ స్కూలుకి తీసుకెళ్ళిన రోజు నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావు, లోపల కరస్పాండెంటు ఏం మాట్లాడాడో నీకు తెలీదు. "యాన్యువల్ డేకి పిల్లల్ని ఒకరి మీద ఒకర్ని ఎక్కించి ఫొటోకి బాగుండేలా నిలబెట్టమ్మా, చాలు. మిగతా రోజులు బస్సు డ్యూటీ, పరీక్షల డ్యూటీ" అన్నాడు. పిల్లలు కింద పడితే ఏమిటన్నాను. "పడతారు, లేస్తారు" అన్నాడు. నేను నేర్చుకున్నది దీనికి కాదు.

నాకు కావలసినవి రెండున్నాయి. ఒకటి, మూలగదిలో చుట్టి పెట్టిన పెద్ద జంఖానా. మన పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయరు. విళాత్తికుళం నుంచి వచ్చే బస్సు కండక్టరుకిచ్చి పంపు, నేను బస్టాండులో తీసుకుంటాను. గోనెపట్టాలు వీపుకి గుచ్చుకుంటున్నాయి. రెండు, పేచ్చియమ్మను కోతకు పిలువు. ఎవరినో పంపొద్దు, నువ్వే వెళ్ళి పిలువు. ఇది బతిమాలడం కాదు, న్యాయం అడుగుతున్నాను.

ఆరోగ్యం గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, నిజంగానే తింటున్నాను. బస్సు రాత్రి కాకముందే దొరుకుతుంది. అమ్మకు నా ముద్దులు, తమ్ముడికి మొట్టికాయ. రాజమ్మత్తకు నమస్కారం చెప్పు, పెళ్ళికి వస్తాననీ చెప్పు. నీ ఆశీర్వాదం నాకు కావాలి. నచ్చింది చేసినా నచ్చనిది చేసినా ఇచ్చేదే ఆశీర్వాదం అని నా నమ్మకం.

నిన్న పొద్దున కరస్పాండెంటుకి ఫోను చేసి, ఉద్యోగం వేరేవాళ్ళకి ఇవ్వమని చెప్పాను. తిరుత్తంగల్ హాలు ఇంకో ఏడాదికి మాట్లాడుకున్నాను. క్లాసు ఆపడం లేదు.

నీ కూతురు,
గోమతి